వెనక్కి లాగితే ముందుకు

ఎండుద్రాక్ష రొట్టెల పెట్టెను అన్నిటికన్నా చివర ఎక్కించి, నార్డ్ హేసాకర్స్ డిక్కీ మూతను రెండు చేతులా పట్టుకుని కిందికి లాగాడు. అది పడలేదు. మళ్ళీ లాగాడు. ఈ కొత్త బండికి అన్నీ గొప్పలే, మూత కూడా బతిమాలించుకుని గాని మూసుకోదు. పాత బండికి వెనక రెండు రేకు తలుపులు ఉండేవి, మోచేత్తో ఒక్క పోటు పొడిస్తే నోరు మూసుకునేవి. ఇవాళ శనివారం, రేపటి రొట్టె కూడా ఇవాళే ఇవ్వాలి కాబట్టి బండి వెనక చక్రాల మీద కాస్త కుంగి ఉంది. వేడి రొట్టెల ఆవిరి అప్పుడే లోపలి అద్దాలకు పట్టింది.

ఎక్కడం నార్డ్‌కు ఒక తంతు. ముందు రోడ్డు వైపు తిరిగి సీటు అంచున కూలబడాలి. తర్వాత ప్యాంటు గుడ్డ పట్టుకుని ఎడమకాలిని ఎత్తి లోపల పెట్టుకోవాలి. తొడ నుంచి మడమ దాకా ఆ కాలికి ఇనప చట్రం. మోకాలి దగ్గర చిన్న కొక్కెం ఉంటుంది, కూర్చున్నప్పుడు దాన్ని విప్పితేనే కాలు ముడుచుకుంటుంది. విప్పినా, బిగించినా, నడిచినా టక్కుమంటుంది. మా ఊళ్ళో ఆ టక్కు వినబడితే రొట్టెలు వచ్చాయని అర్థం. మనిషి నడుము నుంచి కిందికి సన్నగా, పైకి మాత్రం దున్నపోతు భుజాలతో ఉంటాడు. చిన్నప్పుడంతా చంక కర్రల మీద నడవడం వల్ల వచ్చిన భుజాలవి. యాభై ఎనిమిదేళ్ళ ముఖంలో పెద్ద చెవులు, తడిసినట్టుండే కళ్ళు, ఎప్పుడూ ఏదో అడగబోయి ఆగిపోయినట్టుండే నోరు.

"వెనక్కి లాగితే ముందుకు," అన్నాడు పైకే.

ఇది మూడో రోజు. కుడిచేతి పక్కన గేరు రాడ్డు మధ్యలో ఉంది. దాన్ని వెనక్కి లాగితే బండి ముందుకు పోతుంది. ముందుకు తోస్తే వెనక్కి పోతుంది. ఇందులో అర్థం కానిదేముంది? చిన్నపిల్లాడికి ఒకసారి చెబితే తెలుస్తుంది. నార్డ్‌కూ తెలుసు. తెలియనిదల్లా అతని చేతికి. పదహారేళ్ళ పాటు ఆ చెయ్యి పాత బండిలో రాడ్డును ముందుకు తోసి ముందుకు పోయింది, వెనక్కి లాగి వెనక్కి వచ్చింది. ఇప్పుడు ఉన్నట్టుండి కాదంటే అది మాత్రం ఏం చేస్తుంది?

బేకరీ గుమ్మంలో పీర్ దొంకర్స్ మోచేతుల దాకా పిండితో నిలబడి, చూడనట్టు చూస్తున్నాడు. తండ్రి పోయాక బేకరీ పీర్‌ది. మనిషి మంచివాడు. పాత బండి అడుగున తుప్పు పట్టి, కూర్చుంటే కాళ్ళ కింద రోడ్డు కనబడే స్థితికి వచ్చాక, నార్డ్‌కు క్లచ్ తొక్కే కాలు లేదని తెలిసి, క్లచ్ లేని బండి కోసమే వెతికి వెతికి సరిహద్దు అవతల జర్మనీ నుంచి ఇది పట్టుకొచ్చాడు. మొదటి రోజున నార్డ్ అతణ్ణి అడిగాడు.

"ముందుకు తోస్తే వెనక్కెందుకు పోవాలి, పీర్?"

"క్లచ్ లేని బండ్లన్నీ ఇంతే, నార్డ్. ప్రపంచమంతా ఇంతే. మన పాత దాఫే తిక్కది."

పీర్ ఆ మాట అని లోపలికి వెళ్ళిపోయాడు. నార్డ్ మాత్రం రెండు రాత్రులు ఆ మాటను నములుతూనే ఉన్నాడు. ప్రపంచమంతా అంతే అయితే, మరి ఇన్నాళ్ళూ తను నడిపిందేమిటి? తనకు సూటిగా అనిపించినదల్లా మిగతావాళ్ళకు తిరగబడిందా? నిద్ర పట్టక మంచం మీద కుడిచేతిని గాల్లో ముందుకు తోసి, వెనక్కి లాగి చూసుకున్నాడు. ఎటు చూసినా ముందుకంటే ముందుకే అనిపించింది.

దాఫ్ అంటే మా వైపు తయారైన బండే, ఐంధోవెన్ పట్నంలో. దానికి గేర్లు లేవు. గేర్లకు బదులు వెనక రెండు రబ్బరు బెల్టులు, వాటికి పుల్లీలు. పుల్లీ అంటే ఎదురెదురుగా పెట్టిన రెండు పళ్ళేలనుకోండి. వేగం పెరిగేకొద్దీ ముందు పళ్ళేలు దగ్గరికి వస్తాయి, వాటి మధ్యనున్న బెల్టు నెమ్మదిగా పైకి ఎక్కుతుంది. వెనక పళ్ళేలు విడిపోతాయి, అక్కడ బెల్టు కిందికి దిగుతుంది. ఎక్కడా మెట్టు లేదు, కుదుపు లేదు. కాలు తొక్కడమే, పోవడమే. కఫేలో కూర్చునే పెద్దమనుషులు దాన్ని బండి అనేవాళ్ళు కాదు. మేజోళ్ళ పట్టీలతో నడిచే ముసలమ్మల ఊయల అనేవాళ్ళు. ఫాదర్లూ నర్సులూ నార్డూ తప్ప మగాడన్నవాడెవడూ దాన్ని ముట్టడని నవ్వేవాళ్ళు. నార్డ్ కూడా వాళ్ళతో కలిసి నవ్వేవాడు. నవ్వక ఏం చేస్తాడు? కాని వెనక్కి నడపడంలో మాత్రం దాని దరిదాపులకు వచ్చిన బండి లేదు. ముందుకు ఎంత వేగంగా పోతుందో వెనక్కీ అంత వేగంగానే పోతుంది. మా పొలాల బాటలు బండి తిప్పుకునే వెడల్పు లేనివి. నార్డ్ ముందుకు వెళ్ళి రొట్టె ఇచ్చి, సీటు మీద చెయ్యి వేసి మెడ తిప్పి, అదే జోరులో వెనక్కి వచ్చేసేవాడు. అటూ ఇటూ గుంటలు, ఒక్కసారి కూడా చక్రం జారలేదు. ఊళ్ళో ఇంకెవరికీ చేతకాని పని అతనికి అదొక్కటే ఉండేది.

ఆరో ఏట పోలియో వచ్చింది. పదిహేనో ఏట చుట్టల కంపెనీలో చేరాడు. కూర్చుని చేసే పని అదొక్కటే దొరికింది. పొగాకు ఆకుల ఈనెలు తీస్తూ తీస్తూ వేళ్ళు గోధుమరంగుకు తిరిగాయి. ఎదుటి బల్ల దగ్గర విల్ అనే అమ్మాయి ఉండేది. తిరునాళ్ళలో నాట్యానికి రమ్మని అడుగుదామని రెండేళ్ళు అనుకున్నాడు. అనుకుంటూ ఉండగానే ఆమె ఒక పాలవాడితో నాట్యం చేసి అతణ్ణే పెళ్ళి చేసుకుంది. కంపెనీ మూతపడింది. అప్పుడు పీర్ తండ్రి కొత్త దాఫ్ తెచ్చి నార్డ్‌ను పిలిచి అందులో కూర్చోబెట్టాడు. "ఎడమకాలు ఇంటి దగ్గర వదిలేసొచ్చినా పర్లేదురా, దీనికి అక్కర్లేదు," అన్నాడు. ఆ రోజు నార్డ్ చర్చి చుట్టూ ఒక్కడే తిరిగి వచ్చాడు. దారిలో సైకిలు మీద పోతున్నవాణ్ణి దాటాడు. పుట్టాక ఒక మనిషిని దాటి ముందుకు పోవడం అదే మొదలు. ఇంటికొచ్చి తిండి ముట్టకుండా ఏడ్చాడని వాళ్ళ అక్క తర్వాత ఊరంతా చెప్పింది.

ఇప్పుడు గేరు రాడ్డు బొత్తాన్ని బొటనవేలితో నొక్కి, ఊపిరి బిగబట్టి, వెనక్కి లాగాడు. బండి ముందుకు కదిలింది. పీర్ లోపలికి వెళ్ళిపోయాడు.

ఊళ్ళో వీధులన్నీ అలాగే గడిచాయి. ప్రతి ఇంటి దగ్గరా ఆపడం, చేతిబ్రేకు వెయ్యడం, రాడ్డును మధ్యకు తేవడం. ఆపినప్పుడు మధ్యలో పెట్టడం కూడా దాఫ్ నేర్పిన అలవాటే. ఈ బండికి ఆపి ఉంచడానికి వేరే చోటు ఉందని, రాడ్డును ముందుకంటా తోసెయ్యాలని పీర్ రెండుసార్లు చెప్పాడు. కాని ముందుకంటా తోసి ఆగడమేమిటి? అది నార్డ్ బుర్రకు ఎంతకీ ఎక్కలేదు. దిగి, కొక్కెం బిగించి, పెరటి గుమ్మంలోంచి వెళ్ళి, బల్ల మీద రొట్టె పెట్టి, వానల గురించి ఒక మాట విని, తిరిగొచ్చి, మళ్ళీ అదే జపం.

నోటరీగారి ఇంటి దగ్గర జపం తప్పింది. ఆయన భార్య ఎండుద్రాక్ష రొట్టె ఒకటి అదనంగా అడిగింది, దాని గురించి ఆలోచిస్తూ ఎక్కాడు. చెయ్యి తోసేసింది. బండి వెనక్కి వెళ్ళి, కత్తిరించి గోడలా పెంచిన కంచెలో సగం దాకా దూరింది. నోటరీగారి భార్య బయటికి వచ్చి, విరిగిన కొమ్మల్ని చూసి, పర్వాలేదు, మళ్ళీ పెరుగుతాయిలే అంది. ఆమె తిట్టి ఉంటే బాగుండేది. నార్డ్ టోపీ తీసి క్షమించమని అడిగాడు.

కఫే ముందు దాని యజమాని తీనుస్ ఖాళీ సీసాల పెట్టెలు సర్దుతున్నాడు. కంచె సంగతి నార్డ్ కంటే ముందే అక్కడికి చేరిపోయింది.

"ఏం నార్డ్, వస్తున్నావా, వెళ్తున్నావా? ముందే చెప్పు, పక్కకి తప్పుకుంటా."

"నాకే తెలియట్లేదు తీనుస్," అన్నాడు నార్డ్. అది జోకు అనుకుని తీనుస్ పగలబడి నవ్వాడు. నార్డ్ నిజమే చెప్పాడు. అలాగని నవ్వకపోతే బాగుండదని అతనూ కాస్త నవ్వి, అద్దం ఎత్తుకుని, వెనక్కి లాగాడు.

ఊరు దాటాక ఇసుక బాటలు. మొక్కజొన్న కోసేశారు, మోళ్ళ మీద కాకులు వాలి ఉన్నాయి. రాత్రి కురిసిన వానకు బాట మధ్యలో నీళ్ళు నిలిచాయి. ఇక్కడ ఎదురొచ్చే వాళ్ళుండరు, నవ్వే వాళ్ళుండరు. అయినా మూడు రోజులుగా మెడ వెనక నరాల్లో పడ్డ ముడి వదల్లేదు. ఇంజన్ చప్పుడే వినబడదు ఈ బండిలో. దాఫ్ అయితే కుట్టుమిషను మాదిరిగా ఒకే రాగం పట్టుకుని మోగేది, బెల్టులు ఎక్కడున్నాయో వీపుకు తెలిసేది. ఇది మెత్తగా కదులుతుంది, లోపల ఏదో తనంతట తను నిర్ణయించుకుని ఒక చిన్న కుదుపు ఇస్తుంది, మళ్ళీ ఏమీ ఎరగనట్టు ఊరుకుంటుంది. ఆ కుదుపు వచ్చినప్పుడల్లా ఏదో తప్పు చేశానేమోనని నార్డ్ కాలు పైకి తీసేస్తున్నాడు.

అన్నిటికన్నా పొడుగైన బాట చివర దీనత్త ఇల్లు. దీన్ అన్న ఆ ముసలామెకు ఎనభై దాటాయి. భర్త యానుస్ పోయాడు, పిల్లలు లేరు, ఆవుల్ని అమ్మేసింది. ఊళ్ళో అందరికీ ఆమె అత్తే. వారానికి మూడుసార్లు నార్డ్ వస్తాడు, సోమవారం నర్సు వస్తుంది, అంతే. ఆ ఇంటి వాకిలిలో మాత్రం బండి తిప్పుకునే చోటుంది. గొడుగులా గుబురుగా పెరిగిన ఒక లిండెన్ చెట్టు చుట్టూ తిరిగి, ముక్కు బాట వైపు పెట్టి ఆపుతాడు. ఆమె వచ్చి, తనే వెనక తలుపు తీసి, రొట్టెల్ని ఒక్కొక్కటీ బొటనవేలితో నొక్కి చూసి ఒకటి ఎంచుకుంటుంది. పీర్‌కు ఈ సంగతి తెలిస్తే ఒప్పుకోడు. కాఫీ అయ్యాక ఆమే తలుపు మూసి, రేకు మీద రెండుసార్లు తడుతుంది. ఆ తట్టుడికి నార్డ్ బయల్దేరతాడు. మొదటి ఏడాది నుంచీ ఇదే వరస.

ఇవాళ ఆమె వాకిట్లో లేదు. నార్డ్ పెరటి గుమ్మం తోసి వంటింట్లోకి వెళ్ళేసరికి పొయ్యి పక్కన కుర్చీలో కునుకు తీస్తోంది. నల్ల గౌను మీద నీలం గళ్ళ ఏప్రన్, ఒళ్ళో సగం ఒలిచిన బంగాళాదుంప. చట్రం చప్పుడుకు ఉలిక్కిపడి లేచింది.

"చప్పుడు లేకుండా వస్తే ఎట్లారా? దొంగలొచ్చినట్టు. కాఫీ కూడా పెట్టలేదు."

దాఫ్ అయితే బాట మొదట్లో ఉండగానే ఆమెకు వినబడేది. అది లిండెన్ చెట్టు చేరేలోగా కాఫీ కప్పులో ఉండేది. గురువారం కూడా ఇలాగే అయిందని, చెవులు పోయాయేమోనని రెండు రోజులు భయపడ్డానని చెప్పుకొచ్చింది. చెవులు కాదు, కొత్త బండికి చప్పుడే లేదని నార్డ్ చెప్పాడు. ఆమె కెటిల్ పొయ్యి మీద పెట్టింది. నీళ్ళు కాగాలి కాబట్టి అతను కూర్చోవాల్సి వచ్చింది. కొక్కెం విప్పి కాలు చాపుకున్నాడు. ఆమె రేకు డబ్బా తీసి ఒక బిస్కెట్ ఇచ్చి, మూత పెట్టేసింది.

అలా కూర్చోవడం అతనికి హాయిగా ఉంది. కాఫీ అయ్యాక కూడా లేవలేదు. ఆమె దాఫ్ గురించే అడుగుతూ ఉంటే, అతను దాఫ్ గురించే చెబుతూ పోయాడు. ఒకసారి చలికాలంలో ఈ బాట మీద మంచులో పాల లారీ కూరుకుపోతే, తను దాని పక్క నుంచి వెనక్కి వెనక్కి వచ్చి ఎలా దాటిపోయాడో, లారీ డ్రైవర్ నోరెలా తెరిచాడో చెప్పాడు. యానుస్ గుమ్మంలో నిలబడి అది చూశాడని, రాత్రంతా అదే చెప్పి నవ్వాడని ఆమె అంది. బెల్టు మార్చాల్సి వస్తే రెండూ ఒకేసారి మార్చాలని, ఒకటి పాతదీ ఒకటి కొత్తదీ వేస్తే బండి ఇబ్బంది పడుతుందని కూడా చెప్పాడు. ఆమెకు అదేమీ అర్థం కాకపోయినా బుద్ధిగా తలూపింది. మూడు రోజుల్లో మొదటిసారి మెడ వెనక ముడి వదులైంది. కొత్త బండి సంగతే మరిచిపోయాడు.

ఆమె బయటికొచ్చి, మూత ఎత్తి రొట్టె ఎంచుకుంది. అతను ఎక్కి కూర్చుని, కాలు లోపల పెట్టుకుని, ఇంజన్ స్టార్ట్ చేసి, చేతిబ్రేకు దించాడు. వెనక డిక్కీ మూత దబ్బున పడింది. రేకు మీద రెండుసార్లు తట్టిన చప్పుడు. నార్డ్ చెయ్యి తనకు తెలిసిన పని చేసింది, రాడ్డును ముందుకు తోసింది. కాలు తనకు తెలిసిన పని చేసింది, తొక్కింది.

చిన్న దెబ్బ తగిలిన చప్పుడు, ఆ వెంటనే కింద ఏదో కర్ర పగిలిన చప్పుడు. బ్రేకు తొక్కి అతను తల ఎత్తాడు. అద్దంలో చెట్టు ఉంది, ఇల్లు ఉంది, ఆమె లేదు.

ఎలా దిగాడో తెలియదు. ఆమె ఇసుకలో కూర్చుని ఉంది, ఏప్రన్ మోకాళ్ళ మీదికి వచ్చింది, రొట్టెను మాత్రం గుండెకు అదుముకునే ఉంది. మా ఊళ్ళో పెరట్లో తిరగడానికి తొడుక్కునే చెక్కజోడు ఒక కాలికి ఉంది. రెండో కాలికి ఊలు మేజోడు మాత్రమే. ఆ కాలి జోడు వెనక చక్రం కింద ఉంది, నిలువునా చీలి. కాలు జానెడు ఇవతల ఉంది. నార్డ్ వంగబోయాడు. చట్రం వంగనివ్వదు. ప్యాంటు మీద నుంచి వెతికితే కొక్కెం చేతికి దొరకలేదు. చివరికి మొత్తం మనిషి ఇసుక మీద పక్కకు పడి, ఆమె పక్కనే పడుకుని, ఆమె పాదాన్ని చేత్తో తడిమి చూశాడు. పాదం వెచ్చగా ఉంది, వేళ్ళు కదులుతున్నాయి.

"ఏమిట్రా, ఇవాళ వెనక్కెళ్తున్నావు?" అంది ఆమె. నవ్వింది. తర్వాత ఒళ్ళంతా వణకడం మొదలైంది.

ఒకరినొకరు పట్టుకుని లేవడానికి చాలాసేపు పట్టింది. లోపల కుర్చీలో కూర్చోబెట్టి, వాస్తున్న ఎడమ మణికట్టుకు గిన్నెలు తుడిచే గుడ్డ తడిపి చుట్టాడు. డాక్టర్ని తీసుకొస్తానన్నాడు. వద్దంది. డాక్టరొస్తే ఎలా పడ్డావని అడుగుతాడు. సోమవారం నర్సు వచ్చినప్పుడు, పంపు దగ్గర జారానని తనే చెబుతుంది. వేళ్ళు ఆడించి చూపించింది, విరగలేదంది. నార్డ్ మాటిమాటికీ అదే చెబుతున్నాడు, చెయ్యి దానంతట అది తోసేసిందని, తను తొయ్యలేదని, తనే తోశాడని. ఏది నిజమో అతనికే తెలియలేదు.

ఆమె బాగున్న చేత్తో అతని చొక్కా పట్టుకుంది.

"ఇవాళ ఏం జరగలేదు, నార్డూ. పీర్‌కి చెప్పావంటే నిన్ను మానిపిస్తాడు. నువ్వు రాకపోతే నాకెవరొస్తారు?"

అతను సరేనన్నాడు. అలా అన్నప్పుడు ఆమె ముఖంలో భయం పోయింది. ఆ భయం చక్రాన్ని చూసి కాదు, అతను రాకుండా పోతాడని.

బయట బండి ఇంకా ఆ జోడు మీదే ఉంది. సీట్లో కూర్చుని రాడ్డు వంక చూశాడు. ఎటు? ఇప్పుడు ఎటు తోస్తే ఎటు పోతుంది? చెయ్యి ఒళ్ళోంచి లేవలేదు. ఒక క్షణం అన్నీ ఒకటే అయిపోయాయి, ముందు ఏదో వెనక ఏదో బొత్తిగా తెలియలేదు. వంటింటి కిటికీ వంక చూసి, ఆమె అద్దం వెనక కుర్చీలోనే ఉందని రూఢి చేసుకున్నాడు. చిన్నపిల్లల మాదిరిగా ఒక్కొక్క మాటే పైకి పలికి, అప్పుడు లాగాడు. బండి కదిలి రెండడుగులు ముందుకు వెళ్ళింది. దిగి, జోడును ఇసుకలోంచి పీకాడు. దాన్ని ఇంట్లోకి తీసుకెళ్ళి ఇద్దామనుకున్నాడు. ఇలా చీలిన దాన్ని ఆమెకు ఎలా చూపించడం? పారేద్దామంటే చెయ్యి రాలేదు. పక్క సీటు మీద పడేసి బయల్దేరాడు.

మిగిలిన మూడిళ్ళకూ బాట మొదట్లోనే బండి ఆపి, ఇంజన్ ఆర్పి, తాళంచెవి జేబులో వేసుకుని, రొట్టెలు చంకలో పెట్టుకుని నడిచాడు. గుంటల్లో నీళ్ళు బూట్లలోకి వచ్చాయి. ఒక ఇంటావిడ ఆలస్యమైందేమని అడిగింది. ఇంకో ఇంట్లో అతని ముఖం చూసి జ్వరమా అన్నారు. నడుస్తున్నంతసేపూ ఒకటే లెక్క, ఎటు తిప్పినా తెగనిది. పీర్‌కు చెబితే ఆమెకిచ్చిన మాట పోతుంది. చెప్పకుండా పనిలో ఉంటే వచ్చే మంగళవారమే ఆమె మళ్ళీ అదే చోట నిలబడి రేకు తడుతుంది, నిలబడొద్దంటే వినదు, విన్నా మరిచిపోతుంది. చెయ్యి కూడా మరిచిపోతుంది. మానేస్తే ఆమెకు ఎవరూ రారు. తనకైనా ఏముంది, ఈ కాలితో అంత దూరం నడిచి ఆమె దగ్గరికి వెళ్ళగలడా? బండి లేని నార్డ్ ఊరి పొలిమేర దాకా పోవడమే గొప్ప. మానేస్తే మళ్ళీ కుర్చీలో కూర్చుని కిటికీలోంచి ఇతరులు పోవడం చూడాలి. పదిహేనేళ్ళప్పుడు, చుట్టల కంపెనీలో పని దొరక్కముందు, అతనికి ఎంత భయం వేసిందో ఇప్పుడూ అంతే వేసింది.

బేకరీ పెరట్లో బండి నిలిపి, దుకాణంలోకి వచ్చి, గల్లా పక్కన తాళంచెవి పెట్టాడు. పీర్ రేపటి కేకులకు గుడ్లు కొడుతున్నాడు.

"సోమవారం నుంచి ఇంకెవర్నయినా చూసుకో, పీర్."

పీర్ చేతిలోని గుడ్డును పక్కన పెట్టాడు. కంచె సంగతి విన్నానని, దానికోసం ఇంత అవసరం లేదని, నోటరీగారి భార్య ఫోన్ చేసి నవ్విందని చెప్పాడు. నార్డ్ తల అడ్డంగా ఊపాడు. ఎవరన్నా ఏమన్నా అన్నారా అని పీర్ అడిగాడు. లేదు. కాలు నొప్పా? కాదు. పీర్‌కు చిర్రెత్తింది, అది కోపం కంటే బాధే. ఈ బండి ఎవరికోసం తెచ్చాను, ఆ మేజోళ్ళ పట్టీల డొక్కు మీద బెంగా అని కూడా అనేశాడు. అన్నాక నాలిక్కరుచుకున్నాడు.

"చెయ్యి మాట వినట్లేదు," అన్నాడు నార్డ్.

"మూడ్రోజులేగా అయింది. అలవాటవుతుంది."

"అలవాటయ్యేలోపల?"

పీర్‌కు ఆ ప్రశ్న అర్థం కాలేదు. దానికేముంది, ఇంకో కంచె విరుగుతుంది, కట్టిద్దాం అన్నాడు. నార్డ్ చెప్పేస్తాడేమో అన్నట్టు నోరు తెరిచాడు. చెప్పలేదు. బేకరీ తెల్లకోటు విప్పి, మడిచి, పిండి డబ్బా మీద పెట్టాడు. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు.

"వచ్చేవాడెవడో, దీనత్త దగ్గర కాసేపు కూర్చునేవాణ్ణి చూడు. కాఫీ కాగేదాకా ఉండేవాణ్ణి."

అంతే చెప్పి బయటికి వెళ్ళాడు. చట్రం చప్పుడు రాళ్ళ వీధి మీద టక్కు టక్కుమంటూ పోయింది. ఎదురింటావిడ ఆ చప్పుడు విని, ఈ వేళప్పుడు రొట్టెలేమిటని కిటికీ తెర తొలగించి చూసింది. నార్డ్ ఖాళీ చేతులతో, గోడ పట్టుకుంటూ, ఇంటి వైపు వెళ్తున్నాడు.

సాయంత్రం పీర్ భార్య రియా బండి లోపల తుడవడానికి చీపురు పట్టుకుని పెరట్లోకి వెళ్ళింది. కాసేపటికి పీర్‌ను కేకేసింది. ఇద్దరూ తెరిచిన తలుపు దగ్గర నిలబడ్డారు. ఇదెవరిదని ఆమె అడిగింది. ఏమోనన్నాడు పీర్. నార్డ్ ఇలాంటివి తొడుక్కోలేడు, ఆ చట్రానికి పట్టవు. పైగా ఆడవాళ్ళ కొలత. ఎవరైనా బండిలో ఒక్క జోడు మరిచిపోతారా? పారేద్దామంది రియా. పీర్ చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. పొద్దుటి నుంచీ తనకు ఏమీ అర్థం కావట్లేదన్నాడు. పారెయ్యలేదు, ఇంట్లోకీ తీసుకెళ్ళలేదు, ఎక్కడ దొరికిందో అక్కడే పెట్టి తలుపు వేశాడు. పక్క సీటు మీద, రొట్టె పొడి మధ్య ఆ ఎడమకాలి చెక్కజోడు, బొటనవేలి నుంచి మడమ దాకా చీలి ఉంది; లోపల వెచ్చదనానికి పరిచిన గడ్డిలో ఒక చిన్న మడమ గుంట ఇంకా చెదరకుండా ఉంది.